నొప్పి పెడుతోందని కట్టు వదులు చేయొద్దు: రక్తస్రావంపై అపోహలు - వాస్తవాలు

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను, ఉండేది గాజువాకలో. సెలవుకొచ్చిన జవాన్లు, కొత్తగా సెలెక్టయిన కుర్రాళ్లు రక్తస్రావం ఆపడం నేర్చుకోవడానికి ఆదివారం మా మేడ మీదికి వస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: టూర్నికెట్ కడితే కాలు తీసేయాల్సిందే.

టూర్నికెట్ అంటే చేతికో కాలికో పట్టీ చుట్టి, దానికున్న పుల్ల తిప్పి బిగించి రక్తం ఆపే కట్టు. అందరికీ ఉన్న భయం ఇదే. ఈ భయంతోనే చేయి వెనక్కి పోతుంది. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్ల రక్తం. తొడ ధమని తెగితే కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. 2 గంటల్లోపు తీయగలిగితే కట్టు వల్ల కాలికి శాశ్వత నష్టం అరుదు. అందుకే కట్టిన టైము మార్కర్‌తో రాయమంటాం. ఇరాక్‌లో అమెరికన్ సైనిక వైద్యులు గమనించింది ఏమిటంటే, షాక్‌లోకి (రక్తం పోయి ఒంట్లో రక్తప్రసరణ పడిపోయే స్థితి) జారకముందే కట్టు పడినవాళ్లలో బతికినవాళ్లు 90 శాతం, జారాక పడినవాళ్లలో 10 శాతం.

అపోహ: పావుగంటకోసారి వదులు చేయాలి.

ఒకప్పుడు పుస్తకాల్లోనే ఇలా ఉండేది. వదిలిన ప్రతిసారీ కాస్త రక్తం పోతుంది, గడ్డకట్టింది కూడా కదిలిపోతుంది. వదులు చేయాలా వద్దా అన్నది డాక్టరు చూసుకుంటాడు.

అపోహ: రక్తం తగ్గింది, ఇక చాలు.

చాలదు. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా పట్టీ బిగించి, రక్తం పూర్తిగా ఆగేదాకా పుల్ల తిప్పాలి. దిగువన నాడి అందకూడదు. సగం బిగిస్తే సిరలు మూసుకుంటాయి గానీ ధమని పారుతూనే ఉంటుంది, రక్తం ఇంకా పోతుంది. సరిగ్గా కడితే విపరీతంగా నొప్పి పుడుతుంది. క్లాసులో ఒకరికొకరు కట్టుకున్నప్పుడు "చాలన్నా, చాలు" అని అరుస్తారు. అక్కడే జాలిపడి చెయ్యి ఆపేస్తారు. ఇంకో మలుపు తిప్పించడం నా పని. అప్పటికీ ఆగకపోతే పైన రెండోది.

అపోహ: గాయం ఎక్కడున్నా టూర్నికెట్టే.

గజ్జల్లో, చంకలో పట్టీ ఎక్కడ కడతారు? అక్కడ గుడ్డ కుక్కాలి. పైన అద్దడం కాదు, కుక్కడమే. దీనికి మాంసం కొట్లో మేక తొడ తెస్తాను. కత్తితో లోతుగా పొడిచి, అడుగున సెలైన్ ట్యూబు దూర్చి, బీట్‌రూట్ నీళ్లు వదులుతాను. కుర్రాడు వేలితో ఊట ఎక్కడుందో వెతికి, గాజ్ (గాయాలకు వాడే పల్చటి నూలు గుడ్డ) కొస అక్కడే నొక్కి, రెండు చేతుల వేళ్లూ మార్చుకుంటూ దట్టించాలి. విశాఖ ఉక్కకు చెమట, దానికి తోడు జారే గ్లవ్స్. సగం మందికి మొదటిసారి గుడ్డ పైకే తేలిపోతుంది. నిండాక ఒంటి బరువంతా మోపి నొక్కాలి. రక్తం గడ్డకట్టించే మందు పూసిన గాజ్ అయితే కనీసం 3 నిమిషాలు, మామూలుదైతే ఇంకా ఎక్కువ. మధ్యలో ఎత్తి చూడటం కుదరదు.

కాఫీ పొడి, పసుపు సంగతి కూడా అడుగుతారు. ధమని ధారకు అవి నిలవవు, అంతే.

అపోహ: ముందు పరిగెత్తుకెళ్లి కట్టు కట్టాలి.

తూటాలు వస్తుంటే ముందు చాటుకు చేరడం, ఎదురుకాల్పులు. దెబ్బ తిన్నవాడు స్పృహలో ఉంటే యూనిఫాం మీదే, కాలు మొదట్లో, తనకు తానే కట్టుకోవాలి. అందుకే చీకట్లో, పడుకుని, ఒంటి చేత్తో ప్రాక్టీసు చేయిస్తాను.

ప్రాక్టీసుకు వాడింది మాత్రం యుద్ధానికి పట్టుకెళ్లొద్దు. పదేపదే తిప్పితే పట్టీ సాగుతుంది, పుల్ల విరగొచ్చు. అసలుది వేరే ఉంచుకుని, ప్లాస్టిక్ కవరు తీసేసి, ఏ చేత్తోనైనా అందేచోట తగిలించుకోవాలి.