మెమరీ ఇచ్చేవాడికే మెమరీ కావలసి వస్తే

"ప్రోగ్రాముకి మెమరీ కావాలంటే కెర్నెల్‌ని అడుగుతుంది, సరే. మరి కెర్నెల్‌కే కావలసి వస్తే?" అని ఓ పాఠకుడు అడిగారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్, తనలోనే ఉండి మెమరీ పంచిపెట్టే అలొకేటర్‌ని అడుగుతుంది. ఆ అలొకేటర్‌కి లెక్కలు రాసుకోవడానికి మెమరీ కావలసి వస్తే? అసలు తమాషా ఇక్కడే మొదలవుతుంది.

గోదాంలో ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. ఏ సరుకు బయటికి పోయినా ముందు రిజిస్టరులో ఎక్కించాలన్నది నియమం. రిజిస్టరు నిండిపోయింది. కొత్త రిజిస్టర్లు గోదాంలోనే ఉన్నాయి, కానీ ఒకటి తీయాలంటే ముందు రిజిస్టరులో ఎక్కించాలి! మనిషైతే తల గోక్కుని, ముందు తీసేసి తర్వాత రాసుకుంటాడు. కోడ్‌కి ఆ లౌక్యం లేదు. మెమరీ ఇచ్చే ఫంక్షన్, లెక్క రాసుకునే మెమరీ కోసం తననే పిలుచుకుంటుంది, మళ్లీ పిలుచుకుంటుంది. ఒక్కో పిలుపు వివరాలు స్టాక్ అనే చోట పేరుకుంటాయి. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ల మీద లినక్స్ కెర్నెల్ స్టాక్ మామూలుగా 16 కిలోబైట్లే, అవసరాన్ని బట్టి పెరగదు. అది నిండితే యంత్రం కూలుతుంది. ఒక్కోసారి అంతదాకా కూడా రాదు: మొదటి పిలుపు పట్టుకున్న లాక్ (ఒకరు వదిలేదాకా ఇంకొకరిని ఆపే తాళం) కోసమే రెండో పిలుపు ఎదురుచూస్తూ బిగుసుకుపోతుంది.

మన క్లాసుల్లో ఏ ఖాళీలోంచి మెమరీ ఇవ్వాలో తేల్చే ఫస్ట్ ఫిట్, బెస్ట్ ఫిట్ పద్ధతులంటూ గంటలు గడిపేస్తారు. బోర్డు మీద మెమరీని పొడుగాటి పెట్టెగా గీసి, ఖాళీల జాబితాను పక్కన సున్నాలుగా చుడతారు. ఆ సున్నాలు ఏ మెమరీలో ఉంటాయో ఎవరూ చెప్పరు!

గుమాస్తాకి మొదటి ఉపాయం, ఖాళీ పెట్టెల లెక్క ఆ పెట్టెల్లోనే రాయడం. ఎలాగూ ఖాళీయే కదా. 1994లో జెఫ్ బాన్‌విక్ సన్ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం చేసిన స్లాబ్ అలొకేటర్ చిన్న వస్తువుల లెక్కల్ని అవి ఉన్న పేజీ (మెమరీని విభజించే స్థిరమైన కొలత ముక్క) చివరే దాచేది. 2007లో లినక్స్‌లోకి వచ్చిన స్లబ్ అనే అలొకేటర్ కూడా ఆ బాటదే: 64 బైట్ల ముక్క ఖాళీగా ఉన్నంతసేపు, అందులో 8 బైట్లలో తర్వాతి ఖాళీ ముక్క చిరునామా ఉంటుంది. ముక్కని ఎవరికైనా ఇచ్చేశాక ఆ చిరునామాతో పనే లేదు. అదనపు బైటు ఒక్కటీ అడగక్కర్లేదు. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

రెండోది, ఆఖరి కాగితం దాకా ఆగకుండా, నాలుగు కాగితాలు మిగిలి ఉండగానే కొత్త రిజిస్టరు తీసుకోవడం. నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని వీమెమ్ అలొకేటర్‌లో, ముక్కల లెక్క రాసుకునే బౌండరీ ట్యాగులు కొన్నిటిని ఇలాగే, కొత్త ట్యాగులు తెచ్చుకోవడానికే అట్టేపెడతారు.

మూడోది మెడలో బిళ్ళ. గోదాం దాదాపు ఖాళీ అయినప్పుడు దీని అవసరం. మెమరీ చాలనప్పుడు, అడిగిన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) చేతే కెర్నెల్ కొంత ఖాళీ చేయిస్తుంది. దీన్ని డైరెక్ట్ రీక్లెయిమ్ అంటారు. ఖాళీ చేయాలంటే మారిన పేజీని డిస్కుకి రాయాల్సి రావచ్చు. రాయడానికి ఒక రిక్వెస్టు తయారుచేయాలి, దానికీ మెమరీ కావాలి. లేదు కాబట్టి మళ్లీ రీక్లెయిమ్! అందుకే లినక్స్ ఆ ప్రాసెస్ ఫ్లాగుల్లో 'పీఎఫ్ మెమ్‌అలాక్' అనే బిట్ పెడుతుంది. బిళ్ళ ఉన్నవాడు అడిగితే రెండోసారి రీక్లెయిమ్‌కి పంపరు; పైగా మామూలు వాళ్లు తాకకూడని అత్యవసర నిల్వలోంచి తీసిస్తారు. ఖాళీ చేసే పనిలో ఉన్నవాడు వాడినదానికంటే ఎక్కువే తిరిగి తెస్తాడన్న నమ్మకం మీద ఇచ్చే అప్పు అది. మధ్యలో దూరిన ఇంటరప్టుకి (నడుస్తున్న పనిని ఆపి వచ్చే అత్యవసర పిలుపుకి) ఆ బిళ్ళ చెల్లదు. అప్పు దానిది కాదు మరి.

డిస్కు మీద ఫైళ్లను చూసుకునే ఫైల్ సిస్టమ్ గొడవ వేరు. అది లాక్ పట్టుకుని మెమరీ అడిగితే, రీక్లెయిమ్ తిరిగి అదే ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లి అదే లాక్ అడగొచ్చు. అందుకే మెమరీ అడిగేటప్పుడు జతచేసే ఒక ఫ్లాగు ఉంది: 'జీఎఫ్‌పీ నోఎఫ్ఎస్' అంటే "ఖాళీ చేయండి గానీ ఫైల్ సిస్టమ్ జోలికి పోవద్దు" అని. దీన్ని ప్రతి ఫంక్షనూ కింది ఫంక్షన్‌కి అందించుకుంటూ పోవాలి. ఎక్కడో ఒకరు మరిచిపోతారు. ఇంకొందరు ఎందుకైనా మంచిదని అవసరం లేనిచోటా తగిలిస్తారు, దాంతో రీక్లెయిమ్‌కి చేతులు కట్టేసినట్టవుతుంది. 2017లో లినక్స్ 4.12 వెర్షన్‌తో ఈ మాటనూ ప్రాసెస్ మీదే బిట్‌గా పెట్టే ఏర్పాటు వచ్చింది: లాక్ పట్టుకునేచోట సేవ్, వదిలేచోట రీస్టోర్.

రీస్టోర్ ఆ బిట్‌ను గుడ్డిగా చెరిపేయదు, సేవ్ సమయంలో ఎలా ఉందో అలా తిరిగి పెడుతుంది. చెరిపేస్తే, ఒక రక్షిత భాగంలో (సేవ్‌కీ రీస్టోర్‌కీ మధ్య ఉన్న కోడ్‌లో) ఇంకొకటి ఉన్నప్పుడు, లోపలిది ముగియగానే బయటిదాని మిగతా సగానికి రక్షణ పోతుంది.