రేడియేటర్ మార్చే ముందు: ఇంజిన్ కాగడంపై అపోహలు, వాస్తవాలు

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో ఉంది. ఏప్రిల్ నుంచి తొలకరి పడే దాకా తాడు కట్టి లాక్కువచ్చే కార్లలో ఎక్కువ భాగం ఇంజిన్ కాగినవే. బానెట్ ఎత్తగానే పగిలిన రేడియేటర్, దాని చుట్టూ ఎండి మరకలు కట్టిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కనిపిస్తాయి. "రేడియేటర్ పోయింది మేస్త్రీ, కొత్తది వేసి ఇవ్వండి, సాయంత్రం ఊరికి వెళ్లాలి" అంటారు. వారి తొందర నాకు అర్థమవుతుంది. కానీ ఆ తొందరలోనే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. నా దగ్గర మళ్లీ మళ్లీ వినిపించే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: రేడియేటర్ పగిలింది కాబట్టే ఇంజిన్ కాగింది. కొత్తది వేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. ముందు ఇంజిన్ కాగుతుంది, ఆ దెబ్బకు రేడియేటర్ పగులుతుంది.

అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో రేడియేటర్లు రాగి, ఇత్తడితో ఉండేవి. కారితే సోల్డరింగ్ పెట్టి మళ్లీ బిగించేవాళ్లం. ఇప్పటి కార్లలో మధ్యనున్న కోర్ అల్యూమినియం, రెండు కొసల ట్యాంకులు ప్లాస్టిక్. మధ్యలో రబ్బరు గాస్కెట్ పెట్టి, అల్యూమినియం అంచును పళ్లలా మడిచి ట్యాంకును పట్టి ఉంచుతారు. ఏళ్ల తరబడి వేడి తగిలి ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఒత్తిడి హద్దు మీరిన రోజున పై హోస్ (రబ్బరు గొట్టం) తగిలించే మెడ దగ్గరో, ఆ మడతల వరుస దగ్గరో విచ్చుకుంటుంది. కాబట్టి ఒత్తిడి ఎందుకు పెరిగిందో తేల్చకుండా కొత్తది బిగిస్తే, పాత జబ్బుకు కొత్త రేడియేటర్‌ను బలిపెట్టినట్టే.

జబ్బు ఎక్కడుందో బండి నడిపినవారే సగం చెప్పగలరు. అందుకే పానా పట్టుకునే ముందు నేను అడిగేది ఒక్కటే: ఎప్పుడు కాగింది? హైవే మీద బాగానే ఉండి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి లేచిందంటే ముందు ఫ్యానును అనుమానించాలి. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి చేసే పనిని, ఆగినప్పుడు ఫ్యానే చేయాలి. మోటారు, రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు), ఫ్యూజు, వైరు, వీటిలో ఏది పోయినా ఫ్యాను తిరగదు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఫ్యాను తిరగాలి. ఇది మీ ఇంటి ముందు మీరే చూసుకోవచ్చు. అలా కాకుండా ఊళ్లో బాగానే ఉండి, తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో హైవే మీద వేగం పెంచినప్పుడో కాగిందంటే, నీరు సరిగా తిరగడం లేదని అర్థం. కోర్ లోపల పూడుకుపోయి ఉండవచ్చు, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటికి దారి తెరిచే కవాటం) పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, వాటర్ పంపు రెక్కలు అరిగి ఉండవచ్చు. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో దుమ్ము, పురుగులు మందంగా పేరుకుని గాలి ఆడకపోయినా ఇలాగే కాగుతుంది.

గత వేసవిలో ఒక కారు వచ్చింది. మూడు వారాల కిందటే వేరేచోట కొత్త రేడియేటర్ వేయించారు. అదే మెడ దగ్గర మళ్లీ పగిలింది. ఫ్యాను రిలే తీసి చూస్తే కాళ్లు కాలి నల్లబడి ఉన్నాయి. రిలే ఖరీదు రేడియేటర్ ముందు లెక్కలోకి కూడా రాదు. మొదటిసారే ఎవరైనా ఆ ఫ్యానును ఒక్కసారి తిప్పి చూసి ఉంటే కారు యజమానికి ఆ ఖర్చు తప్పేది.

అపోహ: ముల్లు ఎరుపు దగ్గరికి వెళ్లి మళ్లీ దిగింది, అంటే ఇంజిన్ చల్లబడింది.

వాస్తవం: ఈ ఒక్క మాట నమ్మి ఇంజిన్లు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక కుటుంబం శ్రీశైలం నుంచి తిరిగి వస్తోంది. దోర్నాల ఇంకా రాకముందే, అడవి దారిలో ముల్లు ఎరుపు గీతను తాకింది. పిల్లలు ఉన్నారు, చుట్టూ మనుషులు లేరు, ఊరు చేరాక చూద్దామని నడిపారు. కాసేపటికి ముల్లు దానంతట అదే కిందికి దిగింది. అమ్మయ్య అనుకున్నారు. తర్వాత కొద్ది నిమిషాలకే ఇంజిన్ టకటక కొట్టుకుంటూ లాగడం మానేసి ఆగిపోయింది.

కారు మా షెడ్డుకు లారీ మీద వచ్చింది. కింది హోస్ క్లిప్పు దగ్గర వేలెడు పొడవున చీలి ఉంది. కూలెంట్ మొత్తం దారి పొడవునా కారిపోయింది. వేడిని చూసే సెన్సర్ నీటిలో మునిగి ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. నీరే లేకపోతే అది ఖాళీలో వేలాడుతూ ఉంటుంది, ముల్లు కిందికి దిగుతుంది. అంటే లోపల ఇంజిన్ మాడిపోతున్న సమయంలోనే డ్యాష్‌బోర్డు అంతా బాగుందని చెబుతుంది.

హెడ్డు (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) విప్పాం. రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్య గాస్కెట్ కాలిపోయి బొగ్గులా ఉంది. హెడ్డు మీద ఉక్కు బద్ద పెట్టి, కింద కొలత రేకులు దూర్చి చూశాను. 0.25 మిల్లీమీటర్ల రేకు అడ్డు లేకుండా జారిపోయింది. 0.1 మిల్లీమీటరు వంపునే ఒప్పుకోని ఇంజిన్లు ఉన్నాయి. కారు యజమాని పక్కనే నిలబడి ఆ రేకు జారడం చూశారు, ఏమీ మాట్లాడలేదు. కొన్ని వందల రూపాయల హోస్‌తో పోవలసింది హెడ్డు పని, లేత్ దగ్గర ఫేసింగు (వంపు పోయేలా చదును చేయడం), గాస్కెట్ల దాకా వచ్చింది.

ముల్లు ఎరుపు వైపు కదిలితే ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా తిప్పండి. అది ఇంజిన్ వేడిని కొంత కారులోకి లాగుతుంది. మే ఎండలో నరకంగా ఉంటుంది, కానీ బండిని భద్రంగా పక్కకు తీసే దాకా భరించండి. ఆపిన వెంటనే ఇంజిన్ కట్టేయండి. ఆ తర్వాత ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు, ముల్లు ఏ మాట చెప్పినా సరే.

అపోహ: ఆపగానే రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయాలి.

వాస్తవం: దయచేసి ఆ పని చేయవద్దు. మూత లోపల దాదాపు 1 బార్ ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు, 120 దాకా ఆగుతుంది. మూత తిప్పిన క్షణంలో ఒత్తిడి పోయి, ఆ నీరంతా ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి వస్తుంది. మా షెడ్డులో పనిచేసిన ఒక కుర్రాడి ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇక బాగా కాగిన అల్యూమినియం హెడ్డులోకి చన్నీళ్లు పోస్తే అది పగలవచ్చు. బానెట్ ఎత్తి కనీసం ముప్పావు గంట ఆగండి. పై హోస్‌ను చేతితో నొక్కితే మెత్తగా, చల్లగా ఉండాలి. అప్పుడే మూత.

అపోహ: మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఇది మా వృత్తిలోనివారే చెప్పే మాట కావడం నాకు బాధ కలిగిస్తుంది. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది లేకపోతే ఇంజిన్ తగినంత వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. అంతసేపూ ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు పోయిస్తుంది. కొన్ని ఇంజిన్లలో ఈ థర్మోస్టాటే బైపాస్ దారినీ మూస్తుంది. దాన్ని తీసేస్తే నీరు రేడియేటర్ దాకా పోకుండా అడ్డదారిన ఇంజిన్‌లోనే తిరుగుతుంది, అంటే చల్లబడవలసిన బండి ఇంకా కాగుతుంది. చెడిపోతే కొత్తది వేయాలి. రేడియేటర్ మార్చేటప్పుడు దాన్ని, మూతను, గట్టిపడిన హోస్‌లను కూడా మార్చమనే నేను చెబుతాను.

అపోహ: కారుతుంటే పసుపు వేస్తే ఆగుతుంది.

వాస్తవం: ఆగుతుంది. అడవి మధ్యలో చిక్కుకుంటే ఊరు చేరడానికి పనికొస్తుంది కూడా. కానీ చిల్లు ఎక్కడుందో పసుపుకు తెలియదు. సన్నగా ఉన్న ప్రతి దారిలోనూ ముద్దకడుతుంది. అలాంటి ఒక కారులో హీటర్ కోర్ (కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) విప్పితే పచ్చటి బురద చెంచాతో తీయాల్సి వచ్చింది. అమ్మకానికి వచ్చే లీకేజి పొడులూ ఇంతే.

అపోహ: కూలెంట్ ఎందుకు, మంచినీళ్లు చాలు. లేదా: కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: రెండూ తప్పే. బోరు నీటిలోని సున్నం గీజరు రాడ్డుకు ఎలా పడుతుందో, రేడియేటర్ గొట్టాలకూ అలాగే పడుతుంది. తుప్పు ఆపే మందు నీటిలో ఉండదు. చిక్కటి కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ నీటి కంటే తక్కువ వేడిని మోస్తుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపాలి. సరైన మూత ఉంటే ఆ మిశ్రమం 125 డిగ్రీలు దాటే దాకా మరగదు. డబ్బా మీద "నేరుగా వాడవచ్చు" అని ఉంటే అందులో నీరు ముందే కలిపి ఉంటుంది, మళ్లీ కలపవద్దు. రంగు చూసి మాత్రం ఏదీ నిర్ణయించవద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు ఉంటాయి, కలవనివి కలిస్తే జిగురు కడుతుంది. కారు పుస్తకంలో రాసిన రకమే పోయండి.

అపోహ: కొత్త రేడియేటర్ వేసి, నిండా పోసి, మూత బిగిస్తే బండి ఇచ్చేయవచ్చు.

వాస్తవం: పాత రేడియేటర్ విప్పినప్పుడు లోపల చేరిన గాలి అంత తేలిగ్గా పోదు. హీటర్ వేసి, ఇంజిన్ నడుపుతూ, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు ఆగే దాకా మెల్లగా పోస్తూ ఉండాలి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాలి. ఇంకా బుడగలు వస్తూనే ఉంటే అది గాలి కాదు, హెడ్ గాస్కెట్ నుంచి వచ్చే పొగ అయి ఉండవచ్చు. రేడియేటర్ నోటి దగ్గర నీలం ద్రవంతో పరీక్షిస్తాం. పసుపు రంగుకు మారితే గాస్కెట్ పోయినట్టే. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ మీద పాలకాఫీ రంగు కనిపించినా అంతే. ఆ సంగతి ఆ రోజే చెప్పించుకోండి. మరుసటి రోజు ఉదయం చల్లటి ఇంజిన్‌తో మట్టం మళ్లీ చూడండి, కొద్దిగా తగ్గి ఉంటే నింపండి. వారం తర్వాత ఇంకోసారి చూడండి.

పాత కూలెంట్‌ను కాలువలో పోయనివ్వవద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. మేం దాన్ని బిగుతు మూత ఉన్న డబ్బాలో పట్టి, ఎత్తులో పెడతాం. నేల మీద పడినదాన్ని నీళ్లు పోసి కడిగే దాకా వాకిట్లో కుక్కపిల్లల్ని రానివ్వం.