మెలన్ ఇంటి డబ్బు: ఖజానా నుంచి సూపర్ పీఏసీ దాకా

2024 మే 30న న్యూయార్క్ కోర్టులో జ్యూరీ డొనాల్డ్ ట్రంప్‌ను దోషిగా తేల్చింది. ఆ మర్నాడే ట్రంప్‌కు మద్దతుగా ప్రచారం చేసే ‘మాగా ఇంక్’ అనే సూపర్ పీఏసీకి, అంటే అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా ఎన్నికల ఖర్చు పెట్టే సంస్థకు, ఒకే ఒక్క వ్యక్తి నుంచి 5 కోట్ల డాలర్లు అందాయి. ఇచ్చినాయన తిమోతి మెలన్. బయట పెద్దగా కనిపించరు, విలేకరులతో మాట్లాడటం అరుదు. ఆ ఎన్నికల్లో ఆ ఒక్క సంస్థకే ఆయన మొత్తం 15 కోట్ల డాలర్లు ఇచ్చారు. అవే ఎన్నికల్లో మొదట పోటీకి దిగిన రాబర్ట్ కెనెడీ జూనియర్ తరఫున పనిచేసిన మరో సంస్థకు ఇంకో 2.5 కోట్లు వెళ్లాయి. ఇంత సొమ్ము ఒక చేతిలో ఎలా పోగుపడింది, రాజకీయాల్లోకి ఇలా ఎలా రాగలిగింది అన్నది తెలియాలంటే ఆ ఇంటి చరిత్రనూ, అమెరికా ఎన్నికల చట్టాల చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మెలన్ల సంపద పుట్టిల్లు పిట్స్‌బర్గ్. ఐర్లండ్ నుంచి చిన్నప్పుడే వలస వచ్చిన థామస్ మెలన్ అక్కడ బ్యాంకు పెట్టారు. ఆయన కొడుకు ఆండ్రూ అల్యూమినియంలో ఆల్కోవా, చమురులో గల్ఫ్ ఆయిల్ వంటి కంపెనీలకు పెట్టుబడి పెట్టి దేశంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకరయ్యారు. 1921 నుంచి 1932 దాకా ముగ్గురు అధ్యక్షుల దగ్గర ట్రెజరీ కార్యదర్శిగా, అంటే ఆర్థిక మంత్రిగా, పనిచేశారు. ఆ కాలంలో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 73 శాతం నుంచి 25 శాతానికి దిగింది. 1926లో వారసత్వపు పన్ను గరిష్ఠ రేటు సగానికి, 20 శాతానికి తగ్గింది. బతికుండగా చేసే బదిలీల మీద వేసే గిఫ్ట్ ట్యాక్సును అదే ఏడాది పూర్తిగా ఎత్తేశారు. 1932లో అది మళ్లీ వచ్చే లోపు ఆండ్రూ తన కంపెనీల వాటాలు పిల్లలిద్దరికీ బదలాయించారు. ఈ కథలో అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. ఆండ్రూ మనవడైన తిమోతి సంగతి మాట్లాడేవాళ్లు ఆయన రైళ్ల వ్యాపారం దగ్గర మొదలుపెడతారు కానీ, తాత మంత్రిగా ఉన్న కాలపు పన్నుల చట్టాలు లేకపోతే ఆ ఆస్తి తర్వాతి తరాలకు ఇంత చెక్కుచెదరకుండా చేరేది కాదు.

ఆండ్రూ మీద రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పన్ను ఎగవేత కేసు పెట్టింది. ఆయన చనిపోయిన కొన్ని నెలలకు, 1937 డిసెంబరులో, మోసం జరగలేదని తీర్పు వచ్చింది. ఆ కేసు నడుస్తుండగానే తన చిత్రాల సేకరణనూ, వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ భవనానికయ్యే ఖర్చునూ ఆయన దేశానికి రాసిచ్చారు. దానికి తన పేరు పెట్టొద్దన్నారు. 1941లో తెరిచిన ఆ గ్యాలరీకి ఈ రోజుకీ ఆయన పేరు లేదు. కొడుకు పాల్ కూడా డబ్బును కళలకే ధారపోశారు. యేల్ విశ్వవిద్యాలయంలోని బ్రిటిష్ కళల కేంద్రం ఆయన ఇచ్చిందే.

పాల్ కొడుకు తిమోతి 1942లో పుట్టారు. నాలుగేళ్ల వయసులో తల్లి పోయింది. యేల్‌లో చదివారు. తండ్రిలా కళలవైపు పోలేదు. రైలు పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లకు మందు పట్టించే వ్యాపారంలో దిగి, అక్కడి నుంచి ఏకంగా రైల్వేలే కొన్నారు: 1981లో మెయిన్ సెంట్రల్, 1983లో బోస్టన్ అండ్ మెయిన్, 1984లో డెలావేర్ అండ్ హడ్సన్. ఖర్చు తగ్గించాలన్న పట్టుదల కార్మికులతో తగాదాకు దారితీసింది. 1986లో మెయిన్ రాష్ట్రంలో మొదలైన సమ్మెలో అధ్యక్షుడు రీగన్, ఆ తర్వాత కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన మార్గాలను తన సొంత చిన్న కంపెనీకి లీజుకిచ్చి, పాత కార్మిక ఒప్పందాల స్థానంలో యాజమాన్యానికి అనువైనవి తెచ్చారు. డెలావేర్ అండ్ హడ్సన్ 1988లో దివాలా తీసింది. 1998లో దివాలా తీసిన పాన్ యామ్ విమాన సంస్థ పేరును కొని, కొన్నాళ్లు విమానాలు నడిపి, చివరికి ఆ పేరునే రైళ్ల మీద రాయించారు. 2022లో ఆ రైల్వేను సీఎస్‌ఎక్స్ కంపెనీ కొనేసింది.

ఆయన సొంతంగా అచ్చేసుకున్న ఆత్మకథలో నల్లజాతివారి గురించీ, ప్రభుత్వ సాయం మీద ఆధారపడేవారి గురించీ రాసిన మాటలు తీవ్ర విమర్శలకు గురయ్యాయి. ఆ విమర్శ న్యాయమైనదే. పుట్టుకతోనే ఆస్తి అందినవాడు పేదలకు అందే సాయాన్ని తప్పుపట్టడం నాకు మింగుడుపడదు. సరిహద్దు గోడ కట్టడానికి 2021లో టెక్సస్ రాష్ట్రానికి ఆయన 5.3 కోట్ల డాలర్ల విలువైన షేర్లు ఇచ్చారు.

ఇక చట్టాల సంగతి. 1972లో నిక్సన్ ప్రచారానికి ఈ కుటుంబంలోనే మరో వారసుడు, పత్రికాధిపతి రిచర్డ్ మెలన్ స్కేఫ్, దాదాపు 10 లక్షల డాలర్లిచ్చారు. గిఫ్ట్ ట్యాక్స్ పడకుండా ఆ మొత్తాన్ని 3,000 డాలర్ల చొప్పున మూడు వందలకు పైగా చెక్కులుగా విడగొట్టారు. నిక్సన్ పదవికే ఎసరు తెచ్చిన వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత జనం కోపం చూసి కాంగ్రెస్ 1974లో గట్టి చట్టం చేసింది: ఒక ఎన్నికకు ఒక అభ్యర్థికి ఒకరు 1,000 డాలర్లు మించి ఇవ్వకూడదు. 1976లో బక్లీ కేసులో సుప్రీంకోర్టు ఆ పరిమితిని నిలబెట్టింది కానీ, అభ్యర్థితో సంబంధం లేకుండా విడిగా పెట్టే ఖర్చుకు పరిమితి పెడితే వాక్ స్వాతంత్ర్యానికి భంగమంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు కంపెనీలకూ ఆ తలుపు తెరిచింది. రెండు నెలలకే స్పీచ్‌నౌ కేసులో మరో కోర్టు, విడిగా ఖర్చు పెట్టే సంస్థలకిచ్చే విరాళాలకు అసలు పరిమితే ఉండకూడదంది. సూపర్ పీఏసీలు అలా పుట్టాయి. అమెరికాలోని మన తెలుగువాళ్లలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవారు 2024లో ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు నేరుగా ఇవ్వగలిగింది 3,300 డాలర్లే. తిమోతి మెలన్‌కూ నేరుగా ఇచ్చేటప్పుడు అదే పరిమితి. పక్క తలుపు ఎవరికైనా తెరిచే ఉన్నా, దాన్ని కోట్లతో వాడుకోగలిగేది మాత్రం గుప్పెడు మందే.

సూపర్ పీఏసీలో కనీసం దాత పేరు ఎన్నికల సంఘం లెక్కల్లో కనిపిస్తుంది. 2025 అక్టోబరులో కాంగ్రెస్ నిధులు ఆమోదించక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు ఆ మాత్రం కూడా లేకపోయింది. సైనికుల జీతాల కోసం ఒక మిత్రుడు 13 కోట్ల డాలర్లు ఇచ్చారని ట్రంప్ ప్రకటించి, పేరు చెప్పలేదు. ఆ దాత మెలనేనని న్యూయార్క్ టైమ్స్ రాసింది. తలా పంచితే సైనికుడికి సుమారు 100 డాలర్లు. బహుమతులు స్వీకరించే అధికారం కింద తీసుకున్నామని రక్షణ శాఖ చెప్పింది. కాంగ్రెస్ ఆమోదించని ఖర్చు చేయరాదన్న చట్టం ఉండగా ఆ డబ్బును జీతాలకు వాడవచ్చా అని నిపుణులు ప్రశ్నించారు.