పాత కాలేజీ బాస్కెట్‌బాల్ హాలు పునరుద్ధరణ: అపోహలు – వాస్తవాలు

కర్నూలు ప్రాంతంలో పాత కళాశాల భవనాల మరమ్మతులు చూసే ఇంజినీరుగా, బాస్కెట్‌బాల్ హాలు బాగు చేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా యాజమాన్యాల నుంచీ, పూర్వ విద్యార్థుల నుంచీ దాదాపు ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: మంచి చెక్క నేల వేస్తే చాలు, హాలు అంతర్జాతీయ స్థాయికి చేరుతుంది.

వాస్తవం: చెక్క చెమ్మను పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మన నల్లరేగడి వానకు ఉబ్బి వేసవిలో నెర్రెలిస్తుంది. దాని మీద పోసిన పాత కాంక్రీటు కింద చెమ్మను ఆపే పొర చాలాచోట్ల ఉండదు. అరమీటరు చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో నేలకు గట్టిగా అంటించి, మరుసటి రోజు ఎత్తి చూడండి. షీటు అడుగున సన్నని నీటి చుక్కలు పట్టినా, ఆ మేరకు కాంక్రీటు రంగు ముదిరినా చెమ్మ పైకి వస్తున్నట్టే. అయితే ఈ పరీక్షను వేసవి సెలవుల్లో చేయిస్తే, మే నెల ఎండకు నేలంతా ఆరిపోయి ఉంటుంది కాబట్టి షీటు పొడిగా వచ్చి మనల్ని మోసం చేస్తుంది. పని వేసవిలో పెట్టుకున్నా, సర్వే మాత్రం అంతకుముందు అక్టోబరులో, వానలు తగ్గుముఖం పట్టే వేళకు జరగాలి. ఈ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను. 2009 అక్టోబరు వరద నీరు నిలిచిన పల్లంలో హాలు ఉంటే, ఆ నీరు ఎంత ఎత్తున నిలిచిందో తెలుసుకుని, ప్లింతు (బయటి నేల నుంచి హాలు గచ్చు దాకా ఉండే పునాది ఎత్తు) సంగతి తేల్చాకే చెక్క గురించి మాట్లాడాలి.

అపోహ: పెచ్చులూడుతున్నాయి కాబట్టి కూల్చి కట్టడమే చౌక.

వాస్తవం: పెచ్చులూడటానికి సాధారణ కారణం లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బడం. అది ఎంత దూరం పాకిందో చూడకుండా కూల్చమనడం తొందరపాటే. తాజాగా పగలగొట్టిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, ఊచలను తుప్పు నుంచి కాపాడే క్షారత మిగిలిన భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు రాని పొర ఊచ దాకా చేరితే ఆ ఊచకు రక్షణ పోయినట్టు. దీనితోపాటు అల్ట్రాసోనిక్ పరీక్ష (ధ్వని తరంగాలతో కాంక్రీటు నాణ్యత చూడటం), కోర్ నమూనాలు (కాంక్రీటులోంచి తొలిచి తీసిన ముక్కలు) చూశాకే ఏ స్తంభాన్ని బలపరచాలో, దేన్ని మార్చాలో అంచనా వేయగలం.

అపోహ: గీతలు మళ్లీ వేస్తే కోర్టు సిద్ధం.

వాస్తవం: అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉండి, చుట్టూ మరో 2 మీటర్లు ఖాళీగా ఉండాలి, అంటే 32, 19 మీటర్ల స్థలం కావాలి. పాత కోర్టులు కొన్ని 26, 14 మీటర్లవే కాబట్టి గ్యాలరీ ముందు వరుసను తొలగించవలసి రావచ్చు. 2010 నుంచి మూడు పాయింట్ల గీత 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిగింది, రింగు ముందు సమలంబ చతుర్భుజంగా గీసే ప్రాంతం దీర్ఘచతురస్రమైంది. ఆట స్థలంపైన కనీసం 7 మీటర్ల ఎత్తు వరకు దూలం గానీ, ఫ్యాను గానీ, లైటు గానీ అడ్డు రాకూడదు.

అపోహ: పైకప్పు రేకులు చివర్లో మార్చుకోవచ్చు.

వాస్తవం: కప్పే మొదటి పని. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. విద్యార్థులు ఆవరణలో లేనప్పుడు, రేకులను తడిపి, విరగకుండా దించాలి. ఆ తర్వాత ట్రస్సుల (కప్పును మోసే చట్రాల) చివర్లను, వాన నీరు పారే తొట్లను బాగు చేసి, కొత్త కప్పుపై నీళ్లు పోయించి ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాకే చెక్క తెచ్చే లారీని లోపలికి రానివ్వాలి.