లాగి వదిలే ఆట రాసేముందు

మారతహళ్లి, బెంగళూరు

సాహితికీ కార్తీక్‌కీ,

మన ఆదివారం తెలుగు క్లాసులో చిన్నపిల్లలు ఆడుకోవడానికి మీరు రాస్తున్న ఆట కోడ్ చూశాను. విడివిడిగా ఉన్న పదాలను లాగి, ఖాళీ గడుల్లో వదిలి, వాక్యం చేయాలి. ఆలోచన నాకు చాలా నచ్చింది. "పదం లాగితే వస్తోంది, వదిలితే వెనక్కి పోతోంది, ఎందుకు పెద్దమ్మా?" అని అడిగారు కదా. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

వెబ్ పేజీలో బొమ్మలు, లింకులు మనం ఏమీ రాయకపోయినా లాగితే వస్తాయి. మిగతావి రావాలంటే దాని ట్యాగ్‌లో, అంటే పేజీ కోడ్‌లో దాన్ని రాసిన చోట, డ్రాగబుల్ అని రాసి, దానికి ట్రూ అనే విలువ కూడా ఇవ్వాలి. అది మీరు సరిగ్గానే చేశారు. చిక్కంతా వదిలే చోట ఉంది.

టైపు చేసే పెట్టెలు తప్ప, పేజీలో మామూలుగా ఏ గడీ తన మీద వదిలినదాన్ని తీసుకోదు. పదం గడి మీదికి రాగానే డ్రాగ్‌ఓవర్ అనే ఈవెంట్, అంటే ఏదో జరిగిందని బ్రౌజర్ మన కోడ్‌కు చెప్పే కబురు, పుడుతుంది. మనం ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని "వద్దు" అనే అనుకుంటుంది. ఆ ఈవెంట్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ (నువ్వు మామూలుగా చేసే పని ఆపు) అని పిలిస్తేనే "సరే, ఇక్కడ వదలొచ్చు" అన్నట్టు. మీరు ఆ లైను, వదిలినప్పుడు పుట్టే డ్రాప్ ఈవెంట్‌లో మాత్రమే రాశారు. డ్రాగ్‌ఓవర్‌లో ఒప్పుకోలేదు కాబట్టి డ్రాప్ అసలు పుట్టడమే లేదు, మీరు రాసిన లైను దాకా బ్రౌజర్ రావడం లేదు. మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఫోన్ చేసినప్పుడు మనం సరే అనకపోతే పార్సిల్ తెచ్చిన అబ్బాయి పైకి రాడు కదా, అలా అన్నమాట. అయితే డ్రాప్‌లో రాసినది తీసేయకండి. అది లేకపోతే కొన్ని బ్రౌజర్లు వదిలిన దాన్ని తమకు తోచినట్టు తెరవడానికి చూస్తాయి.

ఈ పద్ధతి 1999లో మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో పెట్టినది. తరువాత వెబ్ పేజీలు రాసే భాష ప్రమాణమైన హెచ్‌టీఎంఎల్5లోకి చేరింది. కొన్ని విషయాలు కాస్త వింతగా అనిపిస్తే ఆ పాతకాలపు పుట్టుకే కారణం.

ఇప్పుడు మీరు గమనించని ఒక విషయం. తెర మీద మౌస్ వెంట వచ్చేది ఆ పదం కాదు, దాని నీడ లాంటి బొమ్మ. అసలు పదం ఇంకా పాత చోటే ఉంటుంది. ఏ పదం బయలుదేరిందో గడికి తెలియాలంటే లాగడం మొదలవగానే పుట్టే డ్రాగ్‌స్టార్ట్ ఈవెంట్‌లో డేటాట్రాన్స్‌ఫర్ అనే సంచిలో ఆ పదం ఐడీని, అంటే కోడ్‌లో దాని గుర్తింపు పేరును, సెట్‌డేటాతో వేయాలి, డ్రాప్‌లో గెట్‌డేటాతో తీయాలి. దారి మధ్యలో, అంటే డ్రాగ్‌ఓవర్‌లో, తీసి చూడబోతే ఖాళీగా కనిపిస్తుంది. కార్తీక్, నువ్వు దీన్నే బగ్ అనుకున్నట్టున్నావు. బగ్ కాదు, కావాలనే అలా పెట్టారు. మనం ఒక దాన్ని లాగుతూ వేరే సైటు మీదుగా వెళ్తే, ఆ సైటు మన సమాచారం చదివేయకూడదు. అందుకే దారిలో లోపల ఏ రకం సమాచారం ఉందో మాత్రమే తెలుస్తుంది, అసలు సమాచారం వదిలిన చోటే తెరుచుకుంటుంది. ఈ జాగ్రత్త వెనుక ఎవరో మన గురించి ఆలోచించారని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఐడీ దొరికాక ఆ పదాన్ని అపెండ్‌చైల్డ్ అనే ఆదేశంతో గడిలో పెట్టండి. పేజీలో ఉన్నదాన్నే ఇస్తే అది కాపీ తీయదు, పాత చోటు నుంచి తీసి కొత్త చోట పెడుతుంది. పాతదాన్ని చెరిపే కోడ్ మీరు విడిగా రాశారు, అది అక్కర్లేదు. లాగేటప్పుడు మార్చిన రంగులు, వెలిగించినవి అన్నీ, లాగడం ముగిశాక పుట్టే డ్రాగ్‌ఎండ్‌లో మళ్లీ మామూలుగా సర్దేయండి. పదం గడిలో పడినా, మధ్యలో ఎస్కేప్ కీ నొక్కినా అది పుడుతుంది.

ఇంక ఆట గురించి. మీ కోడ్‌లో "నేను రేపు కడప వెళ్తాను" ఒక్కటే సరైన జవాబు. ఒక పాప "రేపు నేను కడప వెళ్తాను" అని పెడితే ఎర్రగా తప్పు అని వస్తుంది. ఆ పాప ఏం తప్పు చేసింది? తెలుగులో క్రియ సాధారణంగా చివర ఉంటుంది కానీ ముందు పదాలు చాలావరకు అటూ ఇటూ జరుగుతాయి. బెంగళూరులో పుట్టి, స్కూల్లో కన్నడ, ఇంగ్లీషు చదువుతూ, ఇంట్లో మాత్రమే తెలుగు వినే పిల్లలు వీళ్లు. సరిగ్గా చెప్పిన మాటకు తప్పు అని చూపిస్తే మళ్లీ నోరు తెరవరు. ప్రతి వాక్యానికీ ఒప్పుకోదగ్గ వరుసలన్నీ ఒక జాబితాగా రాసి పెట్టండి. ఎంత సేపైనా పట్టనీయండి, అమ్మమ్మను అడిగి రాయండి.

అక్షరాలు కలిపే రెండో ఆట రాస్తే, "స్కూలు" అనే మాటను కోడ్‌తో ముక్కలు చేయించకండి. మామూలు పద్ధతిలో విడగొడితే పొల్లు, కొమ్ము కూడా వేరే బిళ్లలుగా ఊడి వస్తాయి. స్కూ, లు అని మీరే విడదీసి రాసుకోవడం మేలు.

ఫోన్ సంగతి పెద్దది. పిల్లల్లో చాలామంది అమ్మానాన్నల ఫోన్‌లోనే ఆడతారు. నేను పైన చెప్పిన ఈవెంట్లు మౌస్ కోసం పుట్టినవి, టచ్ తెరల మీద అన్ని ఫోన్లలో ఒకేలా నడవవు. అక్కడ పాయింటర్ ఈవెంట్లు వాడండి: పాయింటర్‌డౌన్, పాయింటర్‌మూవ్, పాయింటర్‌అప్. మౌస్‌కీ వేలికీ పెన్నుకీ ఒకే కోడ్ సరిపోతుంది. బిళ్ల మీద సెట్‌పాయింటర్‌క్యాప్చర్ పిలిస్తే వేలు బిళ్ల దాటిపోయినా కదలికలు దానికే అందుతాయి. పేజీ రూపం రాసే సీఎస్ఎస్‌లో టచ్‌యాక్షన్‌కి నన్ అని పెట్టకపోతే బిళ్లకు బదులు పేజీ జరుగుతుంది. దాన్ని బిళ్లలకే పెట్టండి. పేజీ మొత్తానికి పెడితే కిందికి జరపడమే కుదరదు. బయటి నుంచి ఫైల్‌ను లాగి తెచ్చి పేజీలో వదలాలంటే మాత్రం పాత పద్ధతే కావాలి. మీ ఆటకు అది అవసరం లేదు.

ఇవన్నీ కుదిరాక కూడా ఆట పూర్తయినట్టు కాదు. క్లాసుకు మనవరాలితో వచ్చే కింది ఫ్లాట్ మామ్మగారికి వేళ్ల కీళ్లు బిగుసుకుపోయాయి. నొక్కగలరు కానీ నొక్కి పట్టుకుని లాగలేరు. మనవరాలితో కలిసి ఆడాలని ఆవిడకూ ఉంటుంది. 2023 అక్టోబర్ 5న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 అనే, వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రాసిన నియమావళిలో ఇదే రాసి ఉంది: లాగి చేసే పనిని, అది నిజంగా తప్పనిసరైతే తప్ప, లాగకుండా ఉత్తినే నొక్కి కూడా చేయగలగాలి.

కాబట్టి ముందు నొక్కే ఆట రాయండి. పదం మీద నొక్కితే దాని అంచు రంగు మారాలి, తరువాత గడి మీద నొక్కితే పదం అక్కడికి చేరాలి. పదాలనూ గడులనూ డివ్‌లుగా (ఉత్త పెట్టెలుగా) కాకుండా నిజమైన బటన్లుగా పెడితే కీబోర్డ్‌లో ట్యాబ్, ఎంటర్‌తో కూడా ఆడొచ్చు, దానికి వేరే కోడ్ అక్కర్లేదు. పదాన్ని గడిలో పెట్టే పని ఒకే ఫంక్షన్‌లో, అంటే పేరు పెట్టి పిలిచే ఒకే కోడ్ ముక్కలో, ఉండాలి. నొక్కినా, లాగినా చివరికి ఆ ఫంక్షన్‌నే పిలవాలి. దానికి "పదంపెట్టు" అని తెలుగులోనే పేరు పెట్టుకోండి. మీరు కోడ్ రాసే భాష జావాస్క్రిప్ట్ తెలుగు పేర్లు ఒప్పుకుంటుంది, చాలామందికి తెలియదు. నొక్కే ఆట బాగా నడిచాక లాగడం దాని మీద కట్టండి. ఈ వరుసలో వెళ్తే లాగడంలో ఎక్కడ చిక్కు వచ్చినా ఆట ఆగిపోదు, మీకూ టెన్షన్ ఉండదు.

వచ్చే ఆదివారం ల్యాప్‌టాప్‌తో పాటు ఇంట్లో ఉన్న పాత ఫోన్ కూడా తెండి. మామ్మగారిని కూర్చోబెట్టి మొదటి ఆట ఆడిద్దాం. ఆవిడ ఎక్కడ ఆగుతారో ఇద్దరూ చూసి రాసుకోండి.

ప్రేమతో,
మీ పెద్దమ్మ