లెక్కల సారుకిచ్చిన గేమ్స్ పీరియడ్

బడులు తెరిచారంటే ఈ గొడవ మళ్ళీ మొదలవుతుంది. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోతున్నారు, ఒళ్ళు పెరుగుతోంది, ఆటలకు మార్కులు పెట్టి తప్పనిసరి చేయండి అని కొందరు అంటారు. టెన్త్, ఇంటర్ పిల్లలకు ఆటలాడే తీరిక ఎక్కడుందని మరికొందరు అంటారు. నిన్నటిదాకా ఆడిన పదమూడేళ్ళ పిల్లను మాత్రం, ఇవాళ ఎందుకు మానేశావమ్మా అని అడిగేవాళ్ళు కనబడరు.

మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడి కాలం, ఊరూరా తాలింఖానాలనే వ్యాయామశాలలు, ఈల వేస్తే బడి మొత్తం వరసలో నిలబడిన డ్రిల్లు మాస్టర్ల రోజులు అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవకు మూలం అక్కడ లేదు, 1986లో ఉంది. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్ల ప్రవేశ పరీక్ష ఎంసెట్ మొదలైన ఏడాది అది.

పరీక్ష తనంతట తాను ఎవరి ఆటా ఆపలేదు. దాని చుట్టూ అల్లుకున్న చదువు ఆపింది. ఇంటర్ రెండేళ్ళూ హాస్టల్లో పెట్టడం, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తోనే ముగిసే రోజు, గ్రౌండ్ అన్న మాటే లేని నాలుగంతస్తుల కాలేజీ బిల్డింగ్ మనకు మామూలైపోయాయి. "రెండేళ్ళు కళ్ళు మూసుకుని చదివితే జీవితమంతా సుఖపడతావు" అని ప్రతి ఇంట్లోనూ చెప్పారు. చెప్పినవాళ్ళను తప్పుపట్టలేం. ఒక్క ర్యాంకుతో దశ తిరిగిన కుటుంబాలు పక్కవీధిలోనే కనిపించేవి. అయితే ఆ రెండేళ్ళు రెండేళ్ళుగా ఆగలేదు. ఆ చదువు ఫౌండేషన్ కోర్సు పేరుతో తొమ్మిదికి, ఎనిమిదికి, చివరికి ఆరో తరగతికి దిగింది. పదహారేళ్ళవాడు చేయాల్సిన త్యాగం పదకొండేళ్ళవాడి నెత్తిన పడింది. గేమ్స్ పీరియడ్‌లో లెక్కల సారు వచ్చి "సిలబస్ అవ్వలేదు, కూర్చోండి" అంటే పిల్లలు మారుమాట లేకుండా కూర్చోవడం ఆనాటి నుంచే అలవాటైంది.

చట్టం ఏం చేసింది? 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. వ్యాయామ విద్యకు మాత్రం పార్ట్‌టైమ్ బోధకుణ్ణి ఇచ్చింది. అదీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, పిల్లలు వంద దాటితేనే. ఆ చట్టం పరిధి 14 ఏళ్ళతో ఆగిపోతుంది. అంటే ఆట మానేసే వయసు మొదలయ్యే చోటే చట్టం చేతులెత్తేసింది. 2018లో సీబీఎస్‌ఈ 9 నుంచి 12 తరగతుల వరకు రోజూ ఒక పీరియడ్ ఆరోగ్య, వ్యాయామ విద్యకు ఇవ్వాలని చెప్పింది. మన టెన్త్ మెమోలో కూడా వ్యాయామ, ఆరోగ్య విద్యకు ఒక గ్రేడు పడుతుంది. మా బంధువుల అబ్బాయి మెమో చూశాను, అందులో 'ఏ' ఉంది. వాడి బడికి గ్రౌండే లేదు.

ఆటలకు మార్కులు పెట్టాలనే పీఈటీల, అంటే వ్యాయామ ఉపాధ్యాయుల, బాధ నిజమైనదే. మార్కు లేని సబ్జెక్టుకు మన బడుల్లో విలువ లేదని వాళ్ళకు బాగా తెలుసు. కానీ కాగితం మీది గ్రేడు పిల్లల్ని గ్రౌండ్‌లోకి తేలేదని ఆ మెమో చూస్తేనే అర్థమవుతుంది.

పిల్లల్ని కదిలించేదేమిటో పరిశోధకులు ఎప్పటినుంచో చూస్తున్నారు. అమెరికాకు చెందిన డెసి, ర్యాన్ అనే మనస్తత్వవేత్తలు మూడు విషయాలు చెప్పారు: చేసేది నా ఇష్టంతో చేస్తున్నాననిపించాలి, నాకు ఇది వస్తోందనిపించాలి, నావాళ్ళు నాతో ఉన్నారనిపించాలి. 2003లో హ్యాగర్, చాట్జిసరాంటిస్ బృందం దీన్ని బడి నుంచి ఇంటిదాకా తీసుకెళ్ళింది. వ్యాయామం పీరియడ్‌లో టీచరు తమ మాట వింటున్నారని, తమ ఇష్టానికి విలువ ఇస్తున్నారని అనిపించిన పిల్లలు బడి బయట కూడా తమంతట తాము ఆటకు పోవాలనుకునే అవకాశం ఎక్కువని తేల్చింది. 'ఆరోగ్యానికి మంచిది' అన్న మాట పెద్దవాళ్ళను కదిలిస్తుందేమో గానీ పదమూడేళ్ళ వయసులో ఎవరికీ గుండెజబ్బు గుర్తుకురాదు.

2019లో లాన్సెట్ వారి వైద్య పత్రికలో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని లెక్కలోకి తీసుకుంది. రోజుకు గంట కదలిక కూడా లేనివాళ్ళు 81 శాతం. అబ్బాయిల్లో 78, అమ్మాయిల్లో 85. మన దేశం అబ్బాయిల సంగతి కొంత మెరుగ్గా ఉందని, దానికి క్రికెట్ పిచ్చి కారణం కావచ్చని ఆ అధ్యయనమే చెప్పింది. క్రికెట్‌కు మార్కులు ఎవరూ వేయలేదు, సందులో ఇటుకలు పేర్చుకుని వాళ్ళే ఆడుకున్నారు.

అమ్మాయిలకు ఆ సందు కూడా లేదు. నిజామాబాద్ గ్రౌండ్‌లో బాక్సింగ్‌కు అమ్మాయిలెవరూ రారెందుకని నిఖత్ జరీన్ నాన్నను అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను రింగ్‌లోకి దించింది, 2022లో ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే పూర్ణ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని మొదలుపెట్టి, 14 ఏళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా. వీళ్ళను చూస్తే గర్వంగానే ఉంటుంది. కానీ పతకం కోసం కాకుండా ఊరికే ఆడాలనుకునే లక్షలమంది పిల్లల లెక్క వీళ్ళతో తేలదు.

నేను దగ్గరగా చూసింది ఒక జిల్లా పరిషత్ బడి. ఎనిమిదో తరగతి అమ్మాయిలు సాయంత్రం వాలీబాల్‌కు రావడం మానేశారు. పీఈటీ మేడమ్ తిట్టలేదు, కూర్చోబెట్టి అడిగారు. గోడ మీద అబ్బాయిలు కూర్చుని ఫోన్లో వీడియో తీస్తున్నారట. చున్నీ జారుతుంటే ఆట మీద ధ్యాస నిలవదట. సాయంత్రం ఇంటికి పోయి అంట్లు తోమాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి. మరి ఎప్పుడు ఆడతారు, ఏం వేసుకుని ఆడతారు అని అడిగితే వాళ్ళే చెప్పారు: పొద్దున ఆరింటికి, ట్రాక్ ప్యాంటుతో. మేడమ్ సరేనన్నారు.

మొదటిరోజు ఆరుగురు వచ్చారు. వెలుగు సరిగా రాకముందే నెట్ కట్టుకునేవాళ్ళు. పడమటి గుంజ దగ్గర ముడి రోజూ వదులయ్యేది, ఒకమ్మాయి పళ్ళతో లాగి బిగించేది. రెండు వారాలకు ఆ పిల్ల సర్వీస్ తొలిసారి నెట్ దాటింది. "మేడమ్, పడింది! నాకు పడింది!" అని అరుస్తూ బంతి వెనకాలే పరిగెత్తింది. నెల తిరిగేసరికి రెండు టీములయ్యాయి. కప్పు, సర్టిఫికెట్, మార్కు ఏవీ లేవు.

ఆ మొదటి ఆరుగురూ ఇప్పుడు టెన్త్‌కు వచ్చారు. పొద్దున ఆరింటికి వాళ్ళకు స్పెషల్ క్లాస్ ఉంది.