'మా వీధిలో వద్దు': అపోహలు - వాస్తవాలు

చెత్త బదిలీ కేంద్రమో (చిన్న బండ్ల చెత్తను పెద్ద బండ్లలోకి ఎక్కించే చోటు), మురుగునీటి శుద్ధి కేంద్రమో వస్తోందని తెలియగానే కాలనీ గేటుకు బ్యానరు కట్టేస్తారు. అధికారులనూ కాలనీ సంఘాలనూ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం నా వృత్తి. ఇరువైపులా తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: జనానికి అవగాహన లేక అడ్డుపడుతున్నారు.

వాస్తవం: తెలుసు కాబట్టే అడ్డుపడుతున్నారు. హైదరాబాద్ చెత్తను ఏళ్ల తరబడి మోసిన జవహర్‌నగర్ గతి ఏమైందో అందరూ చూశారు. 2025లో సంగారెడ్డి జిల్లా ప్యారానగర్‌లో డంప్‌యార్డు పనులు మొదలవగానే అక్కడివారూ పొరుగున ఉన్న నల్లవల్లివారూ రోడ్డెక్కారంటే, వాళ్లను ఎవరో రెచ్చగొట్టి ఉండాలని అనుకోనక్కర్లేదు. 'ఈసారి సాంకేతికత వేరు' అని చెప్పేవారు ముందు పాతచోటును బాగుచేసి, జనాన్ని అక్కడికి తీసుకెళ్లి చూపించాలి.

అపోహ: గొడవంతా ఆ కేంద్రం గురించే.

వాస్తవం: చాలాచోట్ల గొడవ దారి గురించి. ఏదైనా బదిలీ కేంద్రం గేటు బయట నిలబడి రోడ్డు వైపు చూడండి. చెత్తను నొక్కి మోసే కంపాక్టర్ బండి నుంచి కారిన చెత్త ఊట నల్లటి చారలా పెద్ద రోడ్డు దాకా సాగి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర అది మడుగు కడుతుంది, బండి ఎగిరిపడేది అక్కడే కదా! ఈగలు ముసిరేదీ, బడి పిల్లల ఆటో నెమ్మదించేదీ అక్కడే. బయలుదేరే ముందు ఊట తొట్టిని ఖాళీ చేయాలి, అరిగిన రబ్బరు సీలు మార్చాలి, బండ్ల వేళలు బడి వేళలతో కలవకుండా చూడాలి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. అయినా ప్రాజెక్టు నివేదికలో వీటికి ఒక్క పేరా కూడా ఉండదు!

అపోహ: 'కొలతలు పరిమితిలోనే ఉన్నాయి, వాసన మీ భ్రమ.'

వాస్తవం: కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా ముక్కు పసిగడుతుంది. శుద్ధి కేంద్రంలో వాసన ప్రధానంగా పుట్టేది మురుగు వచ్చి పడే గదిలోనూ, బురద ఆరబెట్టే చోటా. వాటిపై మూత వేసి, లోపలి గాలిని లాగి వడపోస్తే సగం వాదన సద్దుమణుగుతుంది.

అపోహ: పార్కో పరిహారమో ఇస్తే ఒప్పుకుంటారు.

వాస్తవం: 1993లో స్విట్జర్లాండ్‌లోని వోల్ఫెన్‌షీసెన్‌లో తమ దగ్గర అణు వ్యర్థాల నిల్వకు ఒక సర్వేలో 50.8 శాతం మంది సరేనన్నారు. డబ్బిస్తామని చెప్పి అడిగితే అది 24.6 శాతానికి పడిపోయింది. ఊరి బాధ్యతగా తలకెత్తుకున్నది బేరంగా మారగానే 'ఇంత ఇస్తున్నారంటే ఎంత ప్రమాదమో' అన్న అనుమానం పుడుతుంది. పరిహారం వద్దని కాదు, మొదటి మాటగా వద్దంటాను.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే చాలు.

వాస్తవం: 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి సభ పెడతారు. అప్పటికే స్థలం ఖరారై, ముసాయిదా నివేదిక సిద్ధమై ఉంటుంది. చిన్న బదిలీ కేంద్రాలకైతే ఆ సభ కూడా ఉండదు. నాలుగైదు స్థలాలు పరిశీలనలో ఉన్నప్పుడే, ఎంపిక కొలమానాలతో సహా జనం ముందు పెట్టాలి.

అపోహ: ఊరి బయటకు నెడితే గొడవ ఉండదు.

వాస్తవం: ఊరి బయటా ఊళ్లే ఉన్నాయి. 1970ల మొదట్లో టోక్యోలో అందరి చెత్తా తన మీదుగా పోతుంటే విసిగిన కోతో వార్డు, తమ దగ్గర దహన కేంద్రం వద్దని భీష్మించిన సుగినామి వార్డు బండ్లను అడ్డుకుంది. ఎవరి చెత్త వారే చూసుకోవాలన్న వాదన బలపడింది. 1974లో కోర్టు రాజీ కుదిరి, చివరికి సుగినామి నివాస ప్రాంతంలోనే కేంద్రం కట్టారు.

అపోహ: ఒప్పందంపై సంతకాలయ్యాయి, ఇక సమస్య తీరినట్లే.

వాస్తవం: ఫిర్యాదు ఎవరి ఫోనుకు వెళ్లాలి, ఎన్ని గంటల్లో సరిచేయాలి, చేయకపోతే మర్నాడు బండ్లు ఎటు మళ్లాలి? ఈ మూడూ రాయని ఒప్పందంపై సంతకం పెట్టవద్దని కాలనీవాళ్లకు నేనే చెబుతాను. అధికారులకు ఇది నచ్చదు.